కీటో చేస్తూ ట్రైనింగ్: కార్బ్స్ ఎప్పుడు, ఎంత?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే విషయం మీద ఉన్నాయి. కీటో డైట్‌లో ఉంటూ పరుగు, సైక్లింగ్, జిమ్ చేసేవాళ్ళు మధ్యమధ్యలో పిండిపదార్థాలు, అంటే మనం కార్బ్స్ అంటున్నవి, కావాలని తిని మళ్ళీ మానేసే పద్ధతి గురించే అడిగారు. అందుకే మిగతా ప్రశ్నలు వచ్చే సంచికకి ఉంచి ఈసారి వీటికే జవాబులు రాస్తున్నాను. కీటో అన్నప్పుడల్లా రోజుకి 50 గ్రాముల లోపు కార్బ్స్, మిగతాది ఎక్కువగా కొవ్వు అని అర్థం చేసుకోండి, చాలామంది 20, 30 గ్రాముల దగ్గరే ఉంటారు.

ప్రశ్న: మేడమ్, నా వయసు 34, బరువు 70 కిలోలు. నాలుగు నెలలుగా కీటోలో ఉన్నాను. వారానికి ఐదు రోజులు పరుగెడతాను. నెమ్మదిగా పరుగెత్తే రోజు గంటన్నర అయినా అలసట తెలియడం లేదు. మంగళవారం ఇంటర్వెల్స్, అంటే కొంత దూరం వేగంగా పరుగెత్తి, కాస్త ఆగి, మళ్ళీ పరుగెత్తడం, వాటి దగ్గర మాత్రం మూడో రౌండ్‌కే కాళ్ళకి బండలు కట్టినట్టు అయిపోతోంది, ఇంతకుముందు 800 మీటర్లు ఎనిమిది సార్లు చేసేవాడిని. ఆదివారం ఒక్కరోజు ఏది పడితే అది తినేస్తే సరిపోతుందని స్నేహితుడు అంటున్నాడు. నిజమేనా?

జవాబు: ఆదివారం తిన్నది మంగళవారం దాకా పూర్తిగా నిలవదు. మధ్యలో సోమవారం పరుగు ఉంది, పైగా ఏది పడితే అది అన్నప్పుడు అందులో సగం నూనె, వెన్న, చక్కెరే ఉంటాయి, కండరాలకి పనికొచ్చేది తక్కువ. మీ సమస్య ఎక్కడుందో ముందు చూద్దాం.

శరీరంలో కార్బ్స్ గ్లైకోజెన్ రూపంలో దాచి ఉంటాయి, కండరాల్లో సుమారు 400 గ్రాములు, కాలేయంలో ఓ 100 గ్రాములు. మొత్తం కలిపితే 2000 కేలరీలు. కొవ్వు అలా కాదు, మీలాంటి సన్నటి మనిషిలో కూడా 8 కిలోల కొవ్వు ఉంటే 70 వేల కేలరీలకి పైనే. ఈ లెక్క చూసే చాలామంది కీటోకి వస్తారు, ఇంత ఇంధనం ఒంట్లోనే ఉండగా బయట నుంచి తినడం ఎందుకని. నెమ్మది పరుగుకి ఆ లెక్క నిజమే, మీ గంటన్నర పరుగే సాక్ష్యం. కానీ కొవ్వుని కండరం ఒక హద్దు దాటి వేగంగా మండించలేదు. పైగా లీటరు ఆక్సిజన్‌కి కార్బ్స్ ఇచ్చే శక్తి కన్నా కొవ్వు ఇచ్చేది 7 శాతం దాకా తక్కువ. నెమ్మదిగా పరుగెడుతున్నప్పుడు ఆ తేడా తెలియదు, ఊపిరి అందని వేగంలో మాత్రం ఆ 7 శాతమే మిమ్మల్ని మూడో రౌండ్‌లో ఆపేస్తుంది.

ఇంకో సంగతి ఉంది, దీన్ని చాలామంది పట్టించుకోరు. కార్బ్స్ నుంచి వచ్చిన పైరువేట్‌ని కణంలోని కొలిమిలోకి పంపించే పైరువేట్ డీహైడ్రోజినేస్ అనే ఎంజైమ్ ఒకటి ఉంది. కార్బ్స్ బాగా తగ్గించి కొవ్వు పెంచితే కొద్ది రోజుల్లోనే దీని పని మందగిస్తుంది. 2006లో వచ్చిన ఒక పరిశోధనలో సైక్లిస్టులకి ఐదు రోజులు కొవ్వు ఎక్కువ ఆహారం పెట్టి, ఆరో రోజు కార్బ్స్ బాగా పెట్టి గ్లైకోజెన్ నింపారు. నిల్వ నిండినా తొక్కేటప్పుడు ఆ ఎంజైమ్ తక్కువగానే పనిచేసింది. గిడ్డంగి నిండా సరుకుంది, తలుపు మాత్రం సగమే తెరుచుకుంది. అందుకే వారానికి ఒక్క రోజు భారీగా తినే పద్ధతి మీద నాకు అంత నమ్మకం లేదు.

మీకు నేను చెప్పేది ఇది. కార్బ్స్‌ని వారాంతానికి ముడిపెట్టకండి, కష్టమైన ట్రైనింగ్‌కి ముడిపెట్టండి. సోమవారం రాత్రి భోజనంలో 120 నుంచి 150 గ్రాముల కార్బ్స్ వచ్చేలా ఉడికించిన దుంపలో, ఓట్సో తినండి, ఆ పూట కొవ్వు తగ్గించండి. మంగళవారం ఇంటర్వెల్స్‌కి ముప్పావు గంట ముందు ఒక అరటిపండు, అంటే 25 గ్రాముల దాకా. అయిపోయాక మామూలు కీటో భోజనం, ప్రొటీన్ కాస్త ఎక్కువగా. వారంలో రెండో కష్టమైన రోజు ఉంటే దానికీ ఇదే. మిగతా రోజులు ఇప్పుడు ఎలా తింటున్నారో అలాగే. ఇలా నాలుగు వారాలు చేసి, ప్రతి మంగళవారం అదే 800 మీటర్లు, అదే విశ్రాంతి, టైం మాత్రం నోట్‌బుక్‌లో రాసుకోండి. నాలుగు వారాల తర్వాత కూడా ఐదో రౌండ్ దాటలేకపోతుంటే, మీ లక్ష్యం వేగమే అయితే, కీటో మీకు సరిపడటం లేదని ఒప్పుకోవాలి. అందులో ఓడిపోయినట్టు ఏమీ లేదు.

అన్నట్టు ఇవన్నీ మొదలుపెట్టే ముందు ఉప్పు సంగతి చూసుకోండి. ఇన్సులిన్ తగ్గితే కిడ్నీలు సోడియాన్ని ఎక్కువగా బయటికి పంపేస్తాయి, మీకు చెమట కూడా పోతుంది. కార్బ్స్ లేక వచ్చిన నీరసం అనుకున్నది ఉప్పు చాలక వచ్చిన నీరసం అయిన సందర్భాలు చాలా చూశాను. బీపీ, కిడ్నీ సమస్య లేకపోతే భోజనంలో ఉప్పు కాస్త పెంచి ఒక వారం చూడండి.

ప్రశ్న: సైకిల్ తొక్కుతాను, 78 కిలోలు. శని, ఆదివారాలు కార్బ్స్ తింటాను, మిగతా ఐదు రోజులు కీటో. సోమవారం ఉదయానికి 2 కిలోలు పెరుగుతున్నాను. పోయిన శనివారం తిన్న గంటకి షుగర్ చూసుకుంటే 190 వచ్చింది, ఎప్పుడూ షుగర్ లేనివాడిని. సోమ, మంగళవారాల్లో తలనొప్పి. చాలా టెన్షన్‌గా ఉంది మేడమ్.

జవాబు: మూడింటికీ కారణాలు వేరు, ఒక్కొక్కటిగా చెప్తాను.

బరువు గురించి అసలు బెంగ వద్దు. ప్రతి గ్రాము గ్లైకోజెన్‌తో పాటు దాదాపు 3 గ్రాముల నీళ్ళు కూడా కండరంలో చేరతాయి. 400 గ్రాముల గ్లైకోజెన్ నిండితే 1200 గ్రాముల నీళ్ళు, అక్కడికే కిలోన్నర దాటింది. పొట్టలో ఇంకా అరగని ఆహారం, ఉప్పు పట్టి ఉంచిన నీరు కలిపితే మీ 2 కిలోలు. రెండు రోజుల్లో 2 కిలోల కొవ్వు చేరాలంటే మామూలుగా తినేదానిపైన మొత్తం 15 వేల కేలరీలు అదనంగా తినాలి, అది మీ వల్ల కాదు. సోమవారం బరువు చూసుకోవడం మానేసి శుక్రవారం ఉదయం చూసుకోండి, ఒక శుక్రవారాన్ని ఇంకో శుక్రవారంతో పోల్చుకోండి.

షుగర్ 190 ఎందుకు వచ్చిందంటే, వారమంతా కార్బ్స్ లేకుండా ఉన్న కండరాలు కొవ్వుకి అలవాటుపడి గ్లూకోజ్‌ని వెంటనే తీసుకోవు, ఇన్సులిన్ కూడా తొలి విడతలో కాస్త నెమ్మదిగా వస్తుంది. గ్లూకోజ్ తాగించి చేసే పరీక్షకి ముందు మూడు రోజులు రోజుకి కనీసం 150 గ్రాముల కార్బ్స్ తినమని చెప్పడానికి కారణం ఇదే, లేకపోతే మంచి ఆరోగ్యం ఉన్నవాళ్ళకి కూడా షుగర్ ఉన్నట్టు రిపోర్ట్ రావచ్చు. మీ ఒక్క రీడింగ్ వల్ల షుగర్ జబ్బు వచ్చిందని అనుకోనక్కర్లేదు. అలాగని వదిలేయకండి కూడా. పరగడుపున చూసుకుంటే 126 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే, లేదా తిన్న రెండు మూడు గంటలకి కూడా దిగకపోతే డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. వెళ్ళినప్పుడు మీరు కీటోలో ఉన్నారని తప్పకుండా చెప్పండి, అది చెప్పకపోతే ఆయన రిపోర్ట్‌ని వేరేగా చదువుతారు.

ఇక తలనొప్పి. కార్బ్స్ తిన్నప్పుడు శరీరం ఉప్పునీ నీటినీ పట్టి ఉంచుతుంది, మానేయగానే వదిలేస్తుంది. మామూలుగా కీటో చేసేవాళ్ళు మొదటి వారంలో ఒక్కసారి పడే బాధని మీరు ప్రతి వారం పడుతున్నారు. సోమ, మంగళవారాల్లో నీళ్ళు, ఉప్పు వేసిన సూప్ ఎక్కువ తీసుకుంటే చాలావరకు తగ్గిపోతుంది.

వారానికి ఒకసారి తినే పద్ధతే మీకు కావాలంటే, నన్నడిగితే రెండు రోజులు తినడమే ఎక్కువ. 24 గంటలు చాలు. శుక్రవారం సాయంత్రం గట్టిగా తొక్కి గ్లైకోజెన్ కరిగించండి, అక్కడి నుంచి శనివారం సాయంత్రం దాకా కిలో బరువుకి 5 గ్రాముల లెక్కన మీకు 390 గ్రాముల కార్బ్స్, ఆ 24 గంటలూ కొవ్వు బాగా తగ్గించాలి. రెండూ కలిపి ఎక్కువగా తింటే ఒంట్లో కొవ్వు సులువుగా చేరుతుంది. స్వీట్లు, పళ్ళరసాల కన్నా దుంపలు, ధాన్యాలు మంచివి, ఎందుకంటే చక్కెరలో సగం ఫ్రక్టోజ్, అది ఎక్కువగా కాలేయానికే వెళ్తుంది, కాలేయంలో పట్టేది 100 గ్రాములే కదా. ఆ మర్నాడు ఆదివారం మీ కష్టమైన రైడ్ పెట్టుకోండి. నింపుకున్నది నింపుకున్న మర్నాడే వాడుకోవాలి, మీరేమో ఆదివారం రాత్రి దాకా తిని సోమవారం ఆఫీసు కుర్చీలో కూర్చుంటున్నారు.

ప్రశ్న: కార్బ్స్ తిన్న మర్నాడు కీటోన్లు చూసే మూత్రం స్ట్రిప్ రంగు మారడం లేదు. కీటోసిస్ పోయినట్టేనా? మొత్తం మళ్ళీ మొదలుపెట్టాలా?

జవాబు: కీటోసిస్ అంటే కార్బ్స్ చాలనప్పుడు కాలేయం కొవ్వు నుంచి తయారుచేసే కీటోన్లని శరీరం ఇంధనంగా వాడుకునే స్థితి. అది ఒకటి రెండు రోజులు పోతుంది, మళ్ళీ దానంతట అదే వస్తుంది. నెలల తరబడి కీటోలో ఉన్నవాళ్ళు మొదటి నుంచి అలవాటుపడక్కర్లేదు. పైగా ఆ స్ట్రిప్ చూసేది ఎసిటోఎసిటేట్ అనే ఒక రకం కీటోన్‌ని, శరీరం కీటోన్లని బాగా వాడుకోవడం నేర్చుకున్నాక మూత్రంలోకి వచ్చేది తగ్గుతుంది కాబట్టి కీటోసిస్‌లో ఉన్నా రంగు పలచగానే ఉండొచ్చు. తెలుసుకోవాలనే ఉంటే వేలి నుంచి రక్తం తీసి చూసే మీటర్ వాడండి, 0.5 నుంచి 3 మిల్లీమోల్స్ మధ్య ఉంటే కీటోసిస్. ట్రైనింగ్ కోసం కార్బ్స్ తిన్న రోజున ఆ అంకె పడిపోవడం సహజమే, దాని కోసం మర్నాడు ఉపవాసం చేయకండి.

ప్రశ్న: నేను జిమ్‌లో బరువులు మాత్రమే ఎత్తుతాను. నాకు ఈ కార్బ్స్ చక్రం అవసరమా?

జవాబు: ఎలా ఎత్తుతారన్నదాన్ని బట్టి ఉంటుంది. ఒక్కో సెట్‌లో మూడు, నాలుగు రెప్స్, అంటే మూడు, నాలుగు సార్లే ఎత్తడం, సెట్‌కి సెట్‌కి మధ్య మూడు నిమిషాల విశ్రాంతి అయితే ఆ పని ఎక్కువగా కండరంలో క్షణాల్లో అందే ఇంధనమైన క్రియేటిన్ ఫాస్ఫేట్ మీద నడుస్తుంది, కీటోలో కూడా బలం పెద్దగా తగ్గకపోవచ్చు. పది, పన్నెండు రెప్స్ చొప్పున ఇరవై సెట్లు చేస్తుంటే గ్లైకోజెన్ కరుగుతుంది, అప్పుడు ఎక్సర్‌సైజ్‌కి ముందు 25 నుంచి 40 గ్రాముల కార్బ్స్ ఉపయోగపడతాయి. కాళ్ళ రోజుకి ముందు తిని చూడండి, తేడా ఎక్కువగా తెలిసేది అక్కడే. ప్రొటీన్ మాత్రం కిలో బరువుకి 1.6 గ్రాములకి తగ్గనివ్వొద్దు. కండ పెంచడమే లక్ష్యం అయితే కీటో ఎందుకు ఎంచుకున్నారో ఒక్కసారి ఆలోచించుకోండి, కడుపు నిండా తిని అదనపు కేలరీలు చేర్చాల్సిన సమయంలో ఆకలిని చంపే ఆహారం అది.

ప్రశ్న: నాకు 52 ఏళ్ళు. షుగర్‌కి రెండు రకాల మాత్రలు, బీపీకి ఒకటి వాడుతున్నాను. రోజూ 30 కిలోమీటర్లు సైకిల్ తొక్కుతాను. ఐదు రోజులు కీటో, రెండు రోజులు కార్బ్స్ మొదలుపెట్టాలనుకుంటున్నాను.

జవాబు: సర్, దయచేసి ఇప్పుడే మొదలుపెట్టొద్దు. ముందు మీ మాత్రల పేర్లు చూడండి. చివర గ్లిఫ్లోజిన్ అని ఉంటే, అంటే డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటివి, వాటితో కీటో చేయడం ప్రమాదం. ఆ మందులు చక్కెరని మూత్రంలోకి పంపిస్తాయి, కార్బ్స్ కూడా తినకపోతే కీటోన్లు అదుపు తప్పి రక్తం ఆమ్లంగా మారిపోవచ్చు. భయపెట్టే విషయం ఏమిటంటే అప్పుడు మీటర్‌లో షుగర్ దాదాపు మామూలుగానే కనిపిస్తుంది, అందుకే ఇంట్లోవాళ్ళు ఏదో అజీర్తి అనుకుని ఆలస్యం చేస్తారు. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం, విపరీతమైన నీరసం కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి, వాడే మందు పేరు చెప్పాలి. గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలైతే ప్రమాదం ఇంకో రకం, కార్బ్స్ లేని రోజున సైకిల్ మీద ఉండగానే షుగర్ పడిపోవచ్చు. బీపీ మాత్ర కూడా, ఉప్పు నీరు పోయే కీటోలో, లేచి నిలబడితే కళ్ళు తిరిగేంత ఎక్కువైపోవచ్చు.

వారంలో ఐదు రోజులు ఒకలా, రెండు రోజులు ఇంకోలా తింటే మందుల మోతాదు కుదర్చడం డాక్టర్‌కి కూడా కష్టమే. మీకు చక్రాల కన్నా రోజూ ఒకేలా, మితంగా కార్బ్స్ తగ్గించిన ఆహారం మేలు, అది కూడా మందులు సరిచేయించుకున్నాకే. 30 కిలోమీటర్లు మాత్రం మానకండి.

ప్రశ్న: మారథాన్‌కి ఆరు వారాలుంది. ఎనిమిది నెలలుగా కీటోలో ఉన్నాను, 62 కిలోలు, పోయిన ఏడాది 3 గంటల 50 నిమిషాలు పట్టింది, ఈసారి 3:40 కావాలి. పోటీకి ముందు రోజు మాత్రం కార్బ్స్ నింపుకుని, దారిలో జెల్స్ (పరుగులో మింగే కార్బ్స్ ప్యాకెట్లు) వాడితే రెండు రకాల లాభాలూ వస్తాయా?

జవాబు: కొవ్వు మండించే శక్తి కావాలి, కార్బ్స్ వేగం కూడా కావాలి, రెండూ ఒక్క రోజు తిండితో వచ్చేస్తే ఎంత బాగుండు. ఈ ఆశ మీ ఒక్కరిదే కాదు, పరిశోధకులు కూడా ఇరవై ముప్పై ఏళ్ళుగా దీని వెంట పడ్డారు.

కీటో వైపు నుంచి చెప్పాల్సింది న్యాయంగా చెప్తాను. 2016లో అమెరికాలో మారథాన్ కన్నా ఎక్కువ దూరం పరుగెత్తే అల్ట్రా రన్నర్లు, ఈత, సైకిల్, పరుగు మూడూ కలిసిన ఐరన్‌మ్యాన్ ట్రయాథ్లాన్ చేసేవాళ్ళు, మొత్తం 20 మందిని పోల్చారు. తక్కువ కార్బ్స్‌కి చాలాకాలంగా అలవాటుపడ్డ పదిమంది నిమిషానికి గరిష్ఠంగా ఒకటిన్నర గ్రాముల కొవ్వు మండించారు, కార్బ్స్ తినే పదిమంది 0.67 గ్రాములు. రెట్టింపుకి పైనే, చాలా పెద్ద తేడా. అంటే శరీరం మారుతుంది, అందులో సందేహం లేదు. మరి ఆ మార్పు గడియారంలో కనిపిస్తుందా అన్నదే ప్రశ్న. ఆస్ట్రేలియాలో లూయీస్ బర్క్ బృందం ప్రపంచస్థాయి రేస్ వాకర్లతో, అంటే వేగపు నడక పోటీల క్రీడాకారులతో, మూడు వారాల పాటు చేసి 2017లో ప్రచురించిన ఫలితాల్లో, కార్బ్స్ ఎక్కువ తిన్నవాళ్ళు 10 కిలోమీటర్ల పోటీలో 6.6 శాతం మెరుగయ్యారు, ట్రైనింగ్‌ని బట్టి కార్బ్స్ మార్చుకున్నవాళ్ళు 5.3 శాతం మెరుగయ్యారు, కీటో వాళ్ళు మెరుగవలేదు. వాళ్ళ శరీరాలూ ట్రైనింగ్‌తో దృఢపడ్డాయి, కానీ అదే వేగానికి ఎక్కువ ఆక్సిజన్ ఖర్చయింది, లాభమంతా అక్కడే పోయింది. మీరు అడిగిన చివరి రోజు పద్ధతిని కూడా 2006లో సైక్లిస్టుల మీద చూశారు. ఆరు రోజులు కొవ్వు, ఒక రోజు కార్బ్స్, తర్వాత 100 కిలోమీటర్లు. మొత్తం టైంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు, మధ్యలో వచ్చే 1 కిలోమీటర్ స్ప్రింట్లలో మాత్రం శక్తి తగ్గింది.

3:40 మీకు సరదా పరుగు కాదు, గట్టి వేగం. కాబట్టి ఈ ఆరు వారాలూ కీటో పక్కన పెట్టండి. రెండు వారాల్లో మెల్లగా కార్బ్స్‌ని కిలోకి 4, 5 గ్రాములకి తెచ్చుకోండి. నెమ్మది పరుగుల్లో ఒకటి రెండు కావాలంటే పరగడుపున చేసుకోండి, కొవ్వు అలవాటు ఎంతో కొంత మిగులుతుంది. ఇంకా ముఖ్యం కడుపు. కార్బ్స్ మానేసిన పేగులో గ్లూకోజ్‌ని లోపలికి తీసుకునే రవాణా వ్యవస్థ తగ్గిపోతుంది, అలాంటి కడుపుతో మొదటిసారిగా పోటీలో జెల్ తింటే 25వ కిలోమీటర్ దగ్గర పట్టేసి పక్కకి పరుగెత్తాల్సి వస్తుంది. లాంగ్ రన్‌లో గంటకి 30 గ్రాములతో మొదలుపెట్టి, వారం వారం పెంచుకుంటూ 60 దాకా తీసుకెళ్ళండి, పోటీలో ఏ జెల్ వాడతారో అదే. చివరి రెండు రోజులు కిలోకి 8 గ్రాముల దాకా తినండి, పీచు తగ్గించండి. కిలోన్నర బరువు పెరుగుతుంది, దానికి కంగారు పడొద్దు, పైన సైక్లిస్టుకి చెప్పిన నీళ్ళే అవి. పోటీ అయ్యాక మళ్ళీ కీటోకి వెళ్తారో లేదో అప్పుడు చూసుకోవచ్చు.

ప్రశ్న: మేడమ్, నాకు 23 ఏళ్ళు, 52 కిలోలు. ట్రయాథ్లాన్ కోసం వారానికి ఆరు రోజులు ట్రైనింగ్. ఆరు రోజులు కీటో, ఆదివారం కార్బ్స్, రోజుకి 1700 కేలరీలు. నాలుగు నెలలుగా పీరియడ్స్ రావడం లేదు. గట్టిగా ట్రైనింగ్ చేసేవాళ్ళకి అది మామూలే అంటున్నారు. మోకాలి కింద ఎముక మీద ఒకచోట నొక్కితే నొప్పి. కార్బ్స్ రోజులు రెండు చేస్తే సరిపోతుందా?

జవాబు: అమ్మా, నీకు ఆ మాట చెప్పినవాళ్ళు తప్పు చెప్పారు. చాలామందికి జరుగుతుంది, అంతమాత్రాన మామూలు విషయం అయిపోదు. తిండి చాలడం లేదని శరీరం ఒక్కో పనీ ఆపేస్తూ వస్తోంది, ముందు ఆపింది పీరియడ్స్‌ని.

లెక్క చూడు. 52 కిలోల్లో కొవ్వు తీసేస్తే 42 కిలోలు అనుకుందాం. ట్రైనింగ్‌కి రోజుకి 650 కేలరీలు పోతున్నాయనుకుంటే 1700లో గుండె, మెదడు, హార్మోన్లు, ఎముకలు అన్నిటికీ మిగిలేది 1050. కిలోకి 25. ఇది 45 దగ్గర ఉండాలి, 30 కన్నా తగ్గితే ఇబ్బందులు మొదలవుతాయని క్రీడాకారిణుల విషయంలో చాలాకాలంగా తెలుసు. నువ్వు తినాల్సింది రోజుకి 2500 పైన. అంత తిండి కీటోలో తినడం నీకు కష్టం, ఆకలే వేయదు, ఆకలి వేయడం లేదు కాబట్టి చాలుతోందనుకుంటావు. రేస్ వాకర్ల మీద చేసిన ఇంకో పరిశోధనలో మూడున్నర వారాల కీటోకే రక్తంలో ఎముక అరుగుదల సూచికలు పెరిగాయి.

రెండో కార్బ్స్ రోజు గురించి ఆలోచించొద్దు, కీటో మొత్తం ఆపెయ్. రోజూ మూడు పూటలా కార్బ్స్ తిను, ట్రైనింగ్‌కి ముందు, తర్వాత కూడా. ఒకచోటే నొక్కితే నొప్పి ఉందంటే ఎముకలో సన్నటి చీలిక ఉండొచ్చు, స్కాన్ అయ్యేదాకా పరుగు వద్దు, మామూలు ఎక్స్‌రేలో మొదట్లో కనిపించకపోవచ్చు కాబట్టి ఎంఆర్ఐ గురించి అడుగు. నొప్పి రాకపోతే, డాక్టర్ సరేనంటే, తేలికగా ఈత కొట్టొచ్చు. ఈ వారంలోనే గైనకాలజిస్ట్‌ని కలిసి ట్రైనింగ్, తిండి రెండూ దాచకుండా చెప్పు. గర్భం, థైరాయిడ్, ప్రోలాక్టిన్ అనే హార్మోన్, ఇనుము నిల్వ తెలిపే ఫెరిటిన్, విటమిన్ డి పరీక్షలు చేయిస్తారు. పీరియడ్స్ తిరిగి రావడానికి కొన్ని నెలలు పట్టొచ్చు, ఈలోపు బరువు రెండు మూడు కిలోలు పెరుగుతావు, పెరగాలి కూడా. రిపోర్టులు వచ్చాక నాకు మళ్ళీ రాయి, ఈసారి రోజూ ఏం తింటున్నావో పూటపూటకీ రాసి పంపు.